కరెంటు పోయి వచ్చాక ఏమవుతుంది? సంప్‌కి ఓవర్‌ఫ్లో ఎంచుకోవడం, సరిచేసుకోవడం

అందరికీ నమస్కారం. ఈ పూట మనం మాట్లాడుకునేది ఒక్కటే విషయం: పైనున్న అక్వేరియం నుంచి కిందున్న సంప్‌లోకి, అంటే ఫిల్టర్‌గా పనిచేసే రెండో ట్యాంకులోకి, నీళ్లు దిగే దారి. దాన్నే ఓవర్‌ఫ్లో అంటాం. ఫిల్టర్ మీడియా గురించి, సంప్‌లో అరల గురించి అడగాలని కొందరికి ఉంటుంది. వాటి జోలికి ఇవాళ పోను. మీడియా తప్పు వేస్తే నీళ్లు మసకబారతాయి, అంతే. ఓవర్‌ఫ్లో తప్పు పెడితే నీళ్లు హాల్లోకి వస్తాయి.

కొత్తగా సంప్ పెట్టేవాళ్లకు మొదట తట్టే ఆలోచన ఒకటుంది. కింద ఒక పంపు, పైన ఒక పంపు పెట్టి, ఒకటి ఎక్కిస్తే ఇంకొకటి దించుతుంది కదా అని. అది ఏ రోజూ కుదరదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ పంపులు రెండు తెచ్చినా గంటకు పది లీటర్ల తేడా ఉండనే ఉంటుంది. పది గంటల్లో ఆ తేడా వంద లీటర్లు. పైకి ఎక్కించడం పంపు పని. దిగడం మాత్రం నీళ్ల బరువుతోనే జరగాలి, ఎంత ఎక్కితే అంతే దిగాలి. చెరువుకి అలుగు ఎలా పనిచేస్తుందో ఇక్కడా అంతే. అంచు దాటిన నీళ్లే పోతాయి, అంచు దాకా ఉన్నవి ఉంటాయి. అందుకే పైన చేపలుండే మీ డిస్‌ప్లే ట్యాంకులో నీటిమట్టాన్ని నిర్ణయించేది పంపూ కాదు, పైపూ కాదు, ఆ అంచే. దాన్ని నేను అలుగు అనే అంటాను.

ఓవర్‌ఫ్లో ఎంచుకునేటప్పుడు అందరూ అడిగేది "గంటకు ఎన్ని లీటర్లు లాగుతుంది?" అని. అది చివర అడగాల్సిన ప్రశ్న. ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. పైపుకి ఏదైనా అడ్డం పడితే నీళ్లు ఎటు పోతాయి? కరెంటు పోతే ఎన్ని లీటర్లు కిందికి దిగుతాయి? కరెంటు తిరిగి వచ్చినప్పుడు, ఇంట్లో ఎవరూ లేకుండా, తనంతట తాను మొదలవుతుందా? మన ఊళ్లలో ఎండాకాలంలోనూ, గాలివాన పడినప్పుడూ ఈ మూడో పరీక్ష రోజుకు ఎన్నిసార్లు జరుగుతుందో చెప్పలేం. ఏ డిజైన్‌నైనా దానితోనే తూచాలి.

లెక్క కోసం ఒక ట్యాంకు తీసుకుందాం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు. సెంటీమీటర్లలో సుమారు 120, 45, 60. మొత్తం 324 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన ఖాళీ తీసేస్తే 270, 280 లీటర్ల నీళ్లు. గుర్తుంచుకోవాల్సిన అంకె ఇది: ఈ ట్యాంకులో ఒక సెంటీమీటరు ఎత్తు నీళ్లంటే 5.4 లీటర్లు. ఇవాళ చెప్పే లెక్కలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. మీ ట్యాంకు వేరే సైజైతే పొడవుని వెడల్పుతో గుణించి వెయ్యితో భాగించండి.

సంప్ గుండా గంటకు ఎంత నీరు తిరగాలి? మంచినీటి ట్యాంకుకి గంటకు నాలుగైదు రెట్లు చాలు. సముద్రపు ట్యాంకులోనూ ప్రవాహం కోసం లోపల వేవ్‌మేకర్లు ఉంటాయి కాబట్టి సంప్ గుండా అంతకంటే అక్కర్లేదు. మన ఉదాహరణకి 1,500 లీటర్లు అనుకుందాం. ఇది నిజంగా పైకి వచ్చే నీరు, డబ్బా మీద అచ్చువేసిన అంకె కాదు. 3,000 లీటర్లు, గరిష్ఠ ఎత్తు 2.8 మీటర్లు అని రాసున్న పంపు, 1.3 మీటర్ల ఎత్తుకి రెండు మూడు ఎల్బోల గుండా తోస్తే సగం నీళ్లే ఇస్తుంది. అనుమానముంటే బకెట్ పెట్టి కొలవండి. పది లీటర్లు 24 సెకన్లలో నిండితే గంటకు 1,500.

ఇప్పుడు అలుగు పొడవు. బండ లెక్క: సెంటీమీటరు పొడవుకి గంటకు 100 లీటర్లు. 1,500 లీటర్లకి 15 సెంటీమీటర్లు చాలు. అయితే దువ్వెనలాంటి పళ్లు పెడితే పళ్ల మందం తీసేయాలి. పన్నూ సందూ సమానంగా ఉంటే 30 సెంటీమీటర్ల దువ్వెన కావాలి. ఈ లెక్కకి నీళ్లు దిగుతాయి, కానీ అలుగు మీద నీటి పొర మందంగా ఉంటుంది. 15 సెంటీమీటర్ల అలుగు మీద 1,500 లీటర్లు పారితే పొర సుమారు 13 మిల్లీమీటర్లు. పళ్లు లేని 30 సెంటీమీటర్ల అలుగైతే 8 మిల్లీమీటర్లు. వెనక గోడ పొడవంతా, 105 సెంటీమీటర్లు పెడితే 4 మిల్లీమీటర్ల లోపే. పొర పలచనయ్యే కొద్దీ నీటి మీద తేలే జిడ్డు బాగా లాగేస్తుంది. కరెంటు పోయినప్పుడు కిందికి దిగే నీళ్లూ ఆ మేరకు తగ్గుతాయి. పొడవైన అలుగుకి నేను ఓటు వేసేది ఈ రెండో కారణానికే.

దువ్వెన గురించి ఒక మాట, చాలామంది ట్యాంకు కట్టేవాళ్లు మరిచిపోయేది. దువ్వెన పై అంచు ట్యాంకు పై అంచు కంటే కనీసం రెండు సెంటీమీటర్లు కిందుండాలి. సాల్వినియా, డక్‌వీడ్ లాంటి తేలే మొక్కలు, రాలిన ఆకు వచ్చి పళ్ల సందులన్నీ మూసేస్తే నీళ్లు దువ్వెన మీదుగా దూకి, దాని వెనక దిగే పైపులుండే పెట్టెలో పడాలి. రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉంటే అవి నేల మీద పడతాయి. పెట్టె లోపల ఎన్ని ఎమర్జెన్సీ పైపులున్నా అప్పుడు పనికిరావు, నీళ్లు అసలు పెట్టె దాకా చేరవు కదా.

రకాల దగ్గరికి వద్దాం. పెద్ద విభజన రెండే: గాజుకి రంధ్రం చేసినవి, చేయనివి.

రంధ్రం లేనిది ట్యాంకు వెనక తగిలించే పెట్టె. లోపల ఒక డబ్బా, బయట ఒక డబ్బా, మధ్యలో గాజు మీదుగా వంగిన గొట్టం. ఆ గొట్టంలో సైఫన్ నడుస్తుంది, అంటే గొట్టం నిండా ఉన్న నీళ్లు తమ బరువుతోనే వెనక నీళ్లని లాక్కుంటూ దిగుతాయి. రెండు డబ్బాల్లోనూ గొట్టం చివరలు నీళ్లలో మునిగే ఉంటాయి కాబట్టి కరెంటు పోయినా సైఫన్ తెగదు, తిరిగి వస్తే మొదలవుతుంది. కాగితం మీద అంతా బాగానే ఉంది. చిక్కు బుడగలతో వస్తుంది. నీళ్లలోని చిన్న చిన్న గాలి బుడగలు గొట్టం వంపులో, అన్నిటికంటే ఎత్తైన చోట పోగవుతాయి. నీళ్లు వేగంగా పారితే ఎప్పటికప్పుడు లాక్కుపోతాయి, నెమ్మదిగా పారితే అక్కడే నిలిచి ఒకరోజు సైఫన్ తెంపేస్తాయి. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఒక గొట్టం చాలదేమో, భద్రతకి రెండు పెడదాం అనుకుంటారు. రెండు పెడితే ఒక్కోదానిలో వేగం సగమవుతుంది, రెండింట్లోనూ గాలి చేరుతుంది. దీనికి ఎప్పుడూ సరిపోయే సైజు గొట్టమే వాడాలి, పెద్దది కాదు. వంపు దగ్గర చిన్న నాజిల్ పెట్టి, సన్న ఎయిర్ ట్యూబుతో ఒక చిన్న సక్షన్ పంపుకి కలిపి ఎప్పటికప్పుడు గాలి లాగేయాలి. ఆ పంపు ఆగిందంటే మళ్లీ మొదటికే. కాబట్టి ఈ రకం పెట్టేవాళ్లు డిస్‌ప్లే ట్యాంకు పై అంచు దగ్గర ఫ్లోట్ స్విచ్ పెట్టుకుని తీరాలి. నీళ్లు అక్కడికి రాగానే రిలే ద్వారా రిటర్న్ పంపు, అంటే సంప్ నుంచి నీళ్లు పైకి తోసే పంపు, ఆగిపోవాలి.

రంధ్రం చేసిన వాటిలో మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి: డర్సో, హెర్బీ, బీన్ ఆనిమల్.

డర్సోలో ఒకటే పైపు. నిలువు పైపు మీద టీ ఆకారపు ఫిట్టింగు, దాని పక్క కొమ్మకి కిందికి వంగిన ఎల్బో, పైన మూత, మూతకి చిన్న రంధ్రం. నీళ్లూ గాలీ కలిసి దిగుతాయి. సులభం, వాల్వు లేదు, సర్దుబాటు మూత రంధ్రంతోనే. ఒక అంగుళం పైపుతో గంటకు 1,200 లీటర్ల వరకు ఫర్వాలేదు, ఆపైన గోల మొదలవుతుంది. ఒక్క నత్త అడ్డం పడితే రెండో దారి లేదు. పడకగదిలో పెట్టే రెండడుగుల ట్యాంకుకి సరే. మన నాలుగడుగుల దానికి వద్దంటాను.

హెర్బీలో రెండు పైపులు. ఒకటి పూర్తి సైఫన్: పైపు నిండా నీళ్లే, గాలి ఉండదు, అందుకే చప్పుడూ ఉండదు. కింద గేట్ వాల్వు పెట్టి, పంపు ఎంత ఇస్తే అంతే దిగేలా బిగిస్తారు. రెండోది ఎత్తులో, పొడిగా ఉండే ఎమర్జెన్సీ పైపు. చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే పంపు ఇచ్చే నీరు ఎప్పుడూ ఒకేలా ఉండదు. పంపులో తిరిగే రెక్కకి, అంటే ఇంపెల్లర్‌కి, సున్నం పట్టినా, సంప్‌లో పంపు ఉండే రిటర్న్ అరలో నీళ్లు ఆవిరై మట్టం తగ్గినా కొంచెం తగ్గుతుంది. అప్పుడు సైఫన్ తనకు దొరికిన దానికంటే ఎక్కువ లాగుతుంది, పెట్టెలో మట్టం పడిపోతుంది, గాలి మింగుతుంది, రాత్రి రెండింటికి గురగుర మొదలు. మళ్లీ వాల్వు తిప్పాలి.

బీన్ ఆనిమల్‌లో మూడో పైపు ఆ తేడాని మోస్తుంది. సైఫన్, దాని పక్కన గాలీ నీళ్లూ కలిసి ఉండే ఓపెన్ చానల్, ఆ పక్కన ఎమర్జెన్సీ. సైఫన్‌ని పంపు ఇచ్చే దానికంటే రవ్వంత తక్కువకి బిగిస్తారు. మిగిలిన సన్నధార ఓపెన్ చానల్ లోంచి, గోడకి అంటుకుని చప్పుడు లేకుండా జారుతుంది. పంపు కాస్త అటూ ఇటూ అయితే ఆ ధార కాస్త లావో సన్నమో అవుతుంది, అంతే. ఇందులో ఒక తెలివైన ఏర్పాటుంది. ఓపెన్ చానల్ మూతలోంచి ఒక ఎయిర్ ట్యూబు తీసి, దాని రెండో కొన పెట్టెలో మామూలు నీటిమట్టానికి ఒక సెంటీమీటరు పైన ఆనిస్తారు. సైఫన్‌కి అడ్డం పడితే పెట్టెలో నీళ్లు పెరిగి ఆ కొనని ముంచేస్తాయి. గాలి ఆగిపోతుంది, ఓపెన్ చానల్ కూడా సైఫన్‌గా మారి మొత్తం నీళ్లు దించేస్తుంది. అదీ చాలకపోతే ఎమర్జెన్సీ పైపు ఉండనే ఉంది.

నన్నడిగితే మన ఇళ్లకి మూడు పైపులదే. హెర్బీ కంటే ఎక్కువయ్యే ఖర్చు ఒక ట్యాంక్ నిపుల్ (పైపు కోసం గాజు రంధ్రంలో బిగించేది), ఒక పైపు ముక్క, రెండు మూడు ఫిట్టింగులు. సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్లి, చేపలకి మేత వేయమని పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి వెళ్లేవాళ్లకి ఆ ఖర్చు లెక్కలోది కాదు.

రంధ్రాలు ఎక్కడ? మన దగ్గర చాలా ట్యాంకుల్లో మూలన పెట్టె కట్టి, అడుగు గాజుకి రంధ్రాలు వేస్తారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, గోడకి దగ్గరగా జరపొచ్చు. కానీ ఆ మూల పెట్టె సిలికాన్ అతుకు ఎక్కడైనా కారితే, కరెంటు లేని వేళ డిస్‌ప్లే నీళ్లు పెట్టెలోకి, అక్కడి నుంచి సంప్‌లోకి, లోపలి పైపు నోరు ఉన్న ఎత్తు దాకా దిగుతూనే ఉంటాయి. హెర్బీలో సైఫన్ నోరు లోతుగా ఉంటుంది కాబట్టి దిగేదీ ఎక్కువే. వెనక గోడకి, పైభాగంలో రంధ్రం వేస్తే ఆ రంధ్రం కంటే కిందికి నీళ్లు ఓవర్‌ఫ్లో దారిన ఏ పరిస్థితిలోనూ దిగవు. లోపల సన్నటి పెట్టె, బయట పైపులుండే పెట్టె. అందుకు ట్యాంకుకీ గోడకీ మధ్య 15 సెంటీమీటర్లు వదలాలి. ఆ చోటు ఉంటే వెనక గోడే ఎంచుకోండి.

గాజు సంగతి. టఫెన్డ్ గాజుకి, అంటే వేడి చేసి గట్టిపరిచిన గాజుకి, రంధ్రం చేయలేరు, డ్రిల్ తాకగానే ముక్కలు ముక్కలవుతుంది. మామూలు ఫ్లోట్ గాజుకైతే చేయొచ్చు. తేడా తెలియాలంటే పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని, గాజు వెనక తెల్లటి ఎల్‌సీడీ స్క్రీన్ వెలిగించి చూడండి. తల అటూ ఇటూ వంచినప్పుడు గాజులో నల్లని చారలు, మచ్చలు కనిపిస్తే అది టఫెన్డ్. కొత్త ట్యాంకు కట్టిస్తుంటే అతికించక ముందే, గాజు కోసే చోటే రంధ్రాలు వేయించేయడం మేలు. రంధ్రం అంచుకీ గాజు అంచుకీ మధ్య కనీసం ఆ రంధ్రం వ్యాసమంత దూరం ఉండాలి. 45 మిల్లీమీటర్ల రంధ్రమైతే దాని కేంద్రం అంచు నుంచి 68 మిల్లీమీటర్లు. రెండు రంధ్రాల మధ్యా అంతే దూరం. ఇంట్లో చేసుకునేవాళ్లు బ్యాటరీ డ్రిల్ మాత్రమే వాడండి, నీళ్ల దగ్గర కరెంటు డ్రిల్ వద్దు. డైమండ్ హోల్‌సా (గుండ్రంగా కోసే బిట్టు), తక్కువ వేగం, చుట్టూ క్లేతో గట్టు కట్టి నీళ్లు, వెనక టేపు. నొక్కకూడదు, డ్రిల్ బరువే చాలు. 10 మిల్లీమీటర్ల గాజుకి పది నిమిషాలు పడితే పట్టనివ్వండి. చివరి మిల్లీమీటరులో తొందరపడితేనే పెచ్చు లేస్తుంది.

ముందు ట్యాంక్ నిపుల్ కొని, మర భాగం వ్యాసం కొలిచి, దానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు కలిపి హోల్‌సా కొనండి. ఒక అంగుళం నిపుల్ అని అడిగితే కంపెనీని బట్టి మర వ్యాసం మారిపోతుంది. పైపులదీ అదే తంతు. ఒక అంగుళం యూపీవీసీ పైపు బయటి వ్యాసం 33.4 మిల్లీమీటర్లు. అదే అంగుళం సీపీవీసీది 28.6. బోర్లకి వాడే వ్యవసాయపు పీవీసీలో దీనికి దగ్గరది 32. ఒకదాని ఫిట్టింగులో ఇంకొకటి కూర్చోదు, కూర్చున్నట్టు అనిపించినా అతుకు నిలవదు. రాణిగంజ్‌లో కొన్నా, మీ ఊరి శానిటరీ షాపులో కొన్నా, పైపు, ఎల్బో, నిపుల్, వాల్వు, సొల్యూషన్ అన్నీ ఒకే జాతివి ఒకేసారి తెచ్చుకోండి. యూపీవీసీ వాడండి. సీపీవీసీ వేడినీళ్ల కోసం చేసింది, ధర ఎక్కువ, లోపలి దారి తక్కువ.

రబ్బరు వాషర్ నిపుల్ తల వైపు, అంటే నీళ్లుండే వైపు పెట్టాలి. నట్టు వైపు పెడితే మర సందుల్లోంచి నీళ్లు కారతాయి. చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు. పానాతో కసిగా బిగిస్తే గాజు పగిలిపోతుంది.

సైఫన్ పైపు సైజు గురించి. ఒక అంగుళం యూపీవీసీ పైపు పూర్తి సైఫన్‌లో, 75 సెంటీమీటర్ల దిగుడుతో, గంటకు 3,000 లీటర్లకు పైనే లాగుతుంది. మనకి కావాల్సింది 1,500. పెద్దదైతే మంచిదని ఒకటిన్నర అంగుళం వేస్తే, వాల్వుని దాదాపు మూసేయాల్సి వస్తుంది. ఆ సన్న సందులో చిన్న నత్త, ఆకు ముక్క వెంటనే ఇరుక్కుంటాయి. సైఫన్ పైపు అవసరానికి తగ్గట్టు, ఎమర్జెన్సీ పైపు మీ ఇష్టం వచ్చినంత పెద్దది. ఎమర్జెన్సీ నోటికి జాలీ పెట్టకండి, వాల్వు అసలే పెట్టకండి.

వాల్వు గేట్ వాల్వే కావాలి. బాల్ వాల్వు పావు చుట్టులో మొత్తం తెరుచుకుంటుంది, దానితో రవ్వంత తేడా చేయడం కష్టం. మన శానిటరీ షాపుల్లో గేట్ వాల్వంటే ఇత్తడిది చేతిలో పెడతారు. ఇత్తడిలో రాగి ఉంటుంది. రొయ్యలు, నత్తలు, పగడాలు పెంచేవాళ్లకి అది వద్దు, ప్లాస్టిక్‌దే వెతకండి. వాల్వుని చేతికి అందేలా, సంప్ నీటికి కాస్త పైన బిగించండి.

కింద పైపు చివరలు ఎంత మునగాలన్న దగ్గర సగం మంది ఇరుక్కుంటారు. సైఫన్ పైపు చివర సంప్ నీళ్లలో రెండు, రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే మునగాలి. పంపు మొదలైనప్పుడు పైపులో ఉన్న గాలి కింది నుంచి బయటికి పోవాలి కదా. చివర పది పదిహేను సెంటీమీటర్లు మునిగితే ఆ గాలి పోలేక మధ్యలోనే నిలుస్తుంది, సైఫన్ పుట్టదు, ఎమర్జెన్సీ పైపు అదేపనిగా మోగుతుంది. క్యాబినెట్‌లో పైపుని అడ్డంగా పరిచినా గాలి అక్కడే చిక్కుతుంది. పక్కకి తీసుకెళ్లక తప్పకపోతే 45 డిగ్రీల ఎల్బోలతో వాలుగా తీసుకెళ్లండి. ఎమర్జెన్సీ పైపు చివర మాత్రం నీళ్లకి పైనే ఆపండి. అందులోంచి నీళ్లు పడితే మీకు వినిపించాలి.

ఇక కరెంటు పోయినప్పటి లెక్క. పంపు ఆగగానే అలుగు పైనున్న నీళ్లు దిగుతాయి. రిటర్న్ పైపు కూడా ఎదురు సైఫన్‌గా మారి, దాని నోరు గాలిలోకి తేలేదాకా ట్యాంకు నీళ్లని కిందికి లాగుతుంది. నోరు నీటిమట్టానికి 3 సెంటీమీటర్ల లోతులో ఉంటే 16 లీటర్లు. పెట్టెలోవి నాలుగైదు, పైపుల్లోవి ఒకటి రెండు. మొత్తం 22, 23 లీటర్లు. సంప్ 75 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు అయితే దాదాపు 9 సెంటీమీటర్లు పెరుగుతుంది. 40 సెంటీమీటర్ల ఎత్తు సంప్‌ని 25 దగ్గర నడిపితే సరిపోతుంది. అదే రిటర్న్ నోరు అందం కోసం 15 సెంటీమీటర్ల లోతులో పెడితే? 81 లీటర్లు. ఆ సంప్ ఆపలేదు.

చాలామంది దీనికి నాన్ రిటర్న్ వాల్వు పెట్టి ధీమాగా ఉంటారు. ఇసుక రేణువు, నాచు పోగు ఒక్కటి ఇరుక్కుంటే అది మూసుకోదు. రిటర్న్ పైపుకి నీటి అంచు కిందే నాలుగైదు మిల్లీమీటర్ల రంధ్రం చేస్తారు, గాలి పీల్చి సైఫన్ తెగుతుందని. అదీ నాచుతో మూసుకుంటుంది. ఇవి ఉంటే ఉండనివ్వండి, లెక్క మాత్రం ఇవి లేనట్టే వేయండి. నమ్మదగ్గది నోటి లోతు ఒక్కటే.

రెండో లెక్క దీనికి తిరగబడిన లెక్క. దిగే దారులన్నీ మూసుకుపోయి పంపు తోస్తూనే ఉంటే? పంపు తన అరలో ఉన్నంత నీళ్లు పైకి తోసి, ఆపైన గాలి మింగుతుంది. రిటర్న్ అర 25, 35 సెంటీమీటర్లు, పంపు నోటికి పైన 18 సెంటీమీటర్ల నీళ్లు అనుకుంటే 16 లీటర్లలోపు. పైన ట్యాంకులో 3 సెంటీమీటర్లు. అంటే నడిచేటప్పుడు నీటిమట్టానికీ ట్యాంకు అంచుకీ మధ్య 4 సెంటీమీటర్లు వదిలితే, ఏ పైపూ పనిచేయకపోయినా నేల తడవదు. రిటర్న్ అర చిన్నదిగా ఉండడం ఇందుకు మంచిది. ఆవిరికి తొందరగా ఖాళీ అవుతుందన్నది దానితో వచ్చే ఇబ్బంది. ఎండాకాలంలో ఫ్యాను కింద పెట్టిన ట్యాంకుకి రోజూ నీళ్లు కలపాల్సి వస్తుంది. ఫ్లోట్ వాల్వుతో చిన్న టాప్-అప్ డబ్బా పెట్టుకుంటే పంపు ప్రవాహం కూడా స్థిరంగా ఉంటుంది. ఆ డబ్బా మాత్రం చిన్నదే ఉండాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు లైను నేరుగా కలిపితే ఫ్లోట్ ఇరుక్కున్న రోజు అంతులేకుండా వస్తుంది.

సర్దుబాటు ఇలా చేస్తారు. గేట్ వాల్వు పూర్తిగా తెరిచి పంపు వేయండి. మొదట ఒకటి రెండు నిమిషాలు గోలగా ఉంటుంది, గాలి పోతోంది. తర్వాత వాల్వుని పావు చుట్టు చొప్పున మూయండి, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగండి. పెట్టెలో మట్టం మెల్లగా పెరిగి, ఓపెన్ చానల్‌లో సన్నధార మొదలవుతుంది. అక్కడ ఆపండి. పెట్టెలో మట్టం అలుగు కంటే మూడు సెంటీమీటర్ల లోపు కిందుంటే పైనుంచి పడే చప్పుడు కూడా పోతుంది. రెండు వారాల్లో పైపు లోపల జిగురు పొర పట్టి ప్రవాహం కొంచెం తగ్గుతుంది, అప్పుడు ఇంకోసారి సర్దాలి.

చేపలు వేయకముందే పరీక్షలు. మెయిన్ ఆపి, సంప్ ఎంత నిండిందో మార్కర్‌తో గీత పెట్టండి. ఆ గీతకి తగ్గట్టే ఎప్పుడూ నీళ్లు నింపాలి. తిరిగి వేసి సైఫన్ ఎన్ని నిమిషాల్లో నిశ్శబ్దమవుతుందో చూడండి. ఇది అయిదారుసార్లు చేయండి, ఒక్కసారి గెలిస్తే చాలదు. తర్వాత సైఫన్ నోటిని అరచేత్తో మూయండి, ఓపెన్ చానల్ అందుకోవాలి. రెండూ మూయండి, ఎమర్జెన్సీ ఒక్కటే మొత్తం మోయాలి. చివరగా అన్నీ మూసి, పంపు తన అర ఖాళీ చేసేదాకా ట్యాంకు అంచు దగ్గర చూడండి. ప్లగ్ బోర్డు సంప్ కంటే ఎత్తులో ఉండాలి, వైరు బోర్డుకి చేరే ముందు కిందికి వేలాడి పైకి రావాలి, లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్, ఉండాలి.

లోపం వచ్చినప్పుడు ముందు చెవి పెట్టండి. డర్సోలో మట్టం నిమిషానికోసారి పెరిగి, గడగడమని ఒక్కసారిగా దిగి, మళ్లీ పెరుగుతుంటే మూత రంధ్రం చిన్నదైందని. పైపు సైఫన్‌గా మారి, నీళ్లయిపోయి, గాలి మింగి తెగిపోతోంది. రంధ్రం కొంచెం పెద్దది చేయండి. మరీ పెద్దదైతే హోరు పెరుగుతుంది, అందుకే రంధ్రంలో ఎయిర్ ట్యూబు, దానికి చిన్న వాల్వు పెడితే నయం. సైఫన్ పైపు సుయ్‌మని గాలి పీలుస్తుంటే వాల్వు ఎక్కువ తెరిచి ఉంది, లేదా పంపు తగ్గింది. నిన్నటిదాకా బాగున్నదైతే వాల్వు ముట్టకండి, ముందు పంపు చూడండి. బోరు నీళ్ల సున్నం ఇంపెల్లర్‌కి పట్టి ఉంటుంది. లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి గంట నానబెడితే వదులుతుంది. కడిగి పెట్టండి. ఎమర్జెన్సీ మోగుతుంటే సైఫన్‌లో అడ్డం ఉంది: జాలీ చూడండి, తర్వాత వాల్వు. వాల్వుని పది సెకన్లు పూర్తిగా తెరిస్తే ఇరుక్కున్న నత్త కొట్టుకుపోతుంది. ఏ చప్పుడూ లేదు కానీ డిస్‌ప్లేలో నీళ్లు అరసెంటీమీటరు పెరిగాయంటే దువ్వెన మూసుకుపోతోంది. చప్పుడు చేయని లోపం ఇదొక్కటే, అందుకే గాజు మీద మామూలు మట్టం దగ్గర చిన్న గీత పెట్టుకోండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

ప్రశ్న: సార్, మా మూడడుగుల ట్యాంకులో ఇప్పటికే చేపలున్నాయి. వెనక గోడకి ఇప్పుడు రంధ్రం వేయొచ్చా?

టఫెన్డ్ కాదని తేలితే వేయొచ్చండి. చేపల్ని టబ్బులోకి మార్చి, రంధ్రానికి 20 సెంటీమీటర్ల కిందికి నీళ్లు దించండి. లోపలి వైపు ఒకరు పళ్లెం పట్టుకోవాలి, ముక్కా పొడీ నీళ్లలో పడకుండా. గాజు పగిలితే ట్యాంకు పోయినట్టే, ఆ తెగింపు ఉంటేనే మొదలుపెట్టండి. లేదంటే తగిలించే పెట్టె, ఫ్లోట్ స్విచ్.

ప్రశ్న: డిస్‌ప్లేలో సన్న బుడగలు పొగమంచులా వస్తున్నాయి. ఓవర్‌ఫ్లో తప్పేనా అండి?

మూడు చోట్ల చూడండమ్మా. రిటర్న్ అరలో మట్టం తగ్గి పంపు గాలి మింగుతోందా? దిగే పైపు చివర నీళ్లకి పైన ఆగి, నీళ్లు ఎత్తు నుంచి పడుతున్నాయా? అరల మధ్య అడ్డుగాజుల మీద నీళ్లు మరీ వేగంగా దూకుతున్నాయా? మొదటిదే ఎక్కువ. నీళ్లు కలిపి పది నిమిషాలు చూడండి. పోకపోతే పంపు నీళ్లు పీల్చే వైపు అతుకులు చూడండి.

ప్రశ్న: ఇన్వర్టర్ మీద రిటర్న్ పంపు పెడితే ఈ గొడవంతా ఉండదు కదా?

తగ్గుతుంది, పోదు. బ్యాటరీ అయిపోయిన రోజు అదే పరిస్థితి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మామూలు ఏసీ పంపులు రొద చేస్తూ వేడెక్కుతాయి, ప్యూర్ సైన్ వేవ్ అయితేనే పెట్టండి. కాకపోతే ఒక ఎయిర్ పంపు మాత్రం ఇన్వర్టర్‌కి ఇచ్చి, రిటర్న్‌ని ఆగనివ్వండి.

ప్రశ్న: శుభ్రం చేసేటప్పుడు వాల్వు విప్పితే మళ్లీ అదే సర్దుబాటు ఎలా తెచ్చుకోవాలి?

విప్పే ముందు పూర్తిగా మూసుకునేదాకా ఎన్ని చుట్లు పడుతుందో లెక్కపెట్టండి, ఉదాహరణకి రెండూ ముప్పావు. ఈ లెక్కపెట్టేది పంపు ఆపాకే. ఆ అంకెని మార్కర్‌తో పైపు మీదే రాయండి, తేదీతో సహా. పెట్టేటప్పుడు పూర్తిగా మూసి, అన్ని చుట్లు తెరవండి. నాలుగు నెలల తర్వాత అదే నిశ్శబ్దానికి మూడు చుట్లు కావాల్సి వస్తోందంటే, సైఫన్ పైపు లోపల జిగురు పట్టిందని, బ్రష్ పెట్టి తోమాలని.